ఫిన్నో-ఉగ్రిక్ భాషల వ్యాకరణ నిర్మాణము – భాషాబంధుత్వ నిర్ణయము

ద్రావిడభాషలకును ఫిన్నో-ఉగ్రిక్ భాషలకును గల పోలికలను గూర్చిన చర్చ చిరకాలముగా సాగుచున్నది. 1856లో ప్రకటించిన తులనాత్మక వ్యాకరణమున కాల్డ్వెల్ ద్రావిడభాషలను ‘సిథియన్’ వర్గమున చేర్చెను. ఫిన్నిష్, హంగేరియన్ మొదలగు భాషలును ఆ వర్గములోనివే. 1940 దశకమున బరో ఈ రెండు కుటుంబములలోని శరీరావయవ వాచకములను పోల్చి చూపెను. అయినను ఈ బంధుత్వము నేటికిని సర్వాంగీకారమును పొందలేదు. పోలికలు ఇంత స్పష్టముగా ఉండగా బంధుత్వము ఏల స్థిరపడలేదన్నది విచార్యము.

ఫిన్నిష్, ఎస్టోనియన్, సామీ, హంగేరియన్, రష్యాలోని మొర్ద్విన్, మారి, ఉద్ముర్త్, కోమి, ఖాంతీ, మాన్సీ భాషలు ఈ కుటుంబమున ముఖ్యమైనవి. సైబీరియాలోని సమోయెద్ భాషలతో కూడిన విశాల కుటుంబమునకు ఉరాలిక్ అని పేరు.

ఈ భాషలలో ప్రకృతికి ప్రత్యయములు ఒకదాని వెంట ఒకటి చేరును. ఫిన్నిష్‌లో ‘తలొ’ అనగా ఇల్లు, ‘తలొస్స’ ఇంటిలో, ‘తలొస్త’ ఇంటిలోనుండి. ఫిన్నిష్‌కు పదునైదు విభక్తులని వైయాకరణులు సాధారణముగా లెక్కింతురు. ప్రకృతిలోని అచ్చును బట్టి ప్రత్యయములోని అచ్చు మారుట మరియొక లక్షణము. హంగేరియన్‌లో ‘హాజ్‌బన్’ అనగా ఇంటిలో, ‘కెర్త్‌బెన్’ అనగా తోటలో. అర్థమొకటే అయినను ప్రత్యయము ఒకచోట ‘బన్’, వేరొకచోట ‘బెన్’ అయినది. తెలుగున ‘గురువును’ అను చోటి ‘ను’ ప్రత్యయము ‘హరిని’ అను చోట ‘ని’ అగుట ఇట్టిదే. ఇట్టి సామ్యములే కాల్డ్వెల్ వంటివారిని ఆకర్షించినవి.

అయితే నిర్మాణము ఒక్క కుటుంబములోనే ఏకరూపముగా లేదు. ‘మా ఇంటిలోనుండి’ అనుటకు ఫిన్నిష్‌లో ‘తలొస్తమ్మె’ అందురు. ఇందు విభక్తి ముందు, ‘మా’ అను అర్థమిచ్చు ప్రత్యయము తరువాత వచ్చును. హంగేరియన్ ‘హాజుంక్‌బోల్’లో ఈ క్రమము తారుమారగును. ‘పెద్ద ఇంటిలో’ అనుటకు ఫిన్నిష్ ‘ఇసొస్స తలొస్స’ అని విశేషణమునకును విభక్తిని చేర్చును. హంగేరియన్‌లో ‘నద్య్ హాజ్‌బన్’ అని తెలుగునందు వలెనే విశేషణము మారక నిలుచును. వ్యతిరేకార్థమున స్థితి వేరు. ఫిన్నిష్‌లో ‘ఎన్ తులె’ (రాను), ‘ఎత్ తులె’ (రావు) అని వ్యతిరేకపదమే పురుషను బట్టి మారును. తెలుగులోని ‘లేను, లేవు, లేడు’ రూపములతో ఇది పోల్చదగినది. హంగేరియన్‌లో ‘నెమ్’ అనునది మార్పులేని అవ్యయము. అనగా తెలుగు ఒక అంశమున హంగేరియన్‌ను, మరియొక అంశమున ఫిన్నిష్‌ను పోలియున్నది. నిర్మాణసామ్యమే ప్రమాణమైనచో ఆ రెండు సోదరభాషలను విడదీసి, తెలుగును ఒకచోట ఒకదానితోను, వేరొకచోట రెండవదానితోను చేర్చవలసివచ్చును.

ఆ రెండింటిని సోదరభాషలని నిరూపించినది ధ్వనుల నియతసంబంధము. ఫిన్నిష్ పదాదిని ‘ప’ ఉన్నచో హంగేరియన్‌లో ‘ఫ’ కనిపించును: పూ–ఫ (చెట్టు), పొయ్క–ఫియూ (కుమారుడు). అ, ఒ వంటి అచ్చులకు ముందున్న ‘క’ హంగేరియన్‌లో ‘హ’ అయినది: కల–హల్ (చేప), కొల్మె–హారొమ్ (మూడు). తెలుగు, కన్నడములలో పాలు–హాలు, పులి–హులి, పాము–హావు అను వరుస ఇట్టి నియమబద్ధమైన సంబంధమునే చూపును.

ఈ వరుసను విస్మరించినచో భ్రాంతి కలుగును. ఫిన్నిష్ ‘పూ’ (చెట్టు) తెలుగు ‘పూ’వును తలపించును; అర్థమును సన్నిహితమే. కాని ఫిన్నిష్ పదమునకు జత హంగేరియన్ ‘ఫ’, తెలుగు పదమునకు జత కన్నడ ‘హూవు’. ఫిన్నిష్‌లో ‘కివి’ అనగా రాయి, కన్నడమున ‘కివి’ అనగా చెవి. ఇచ్చట ధ్వని అభిన్నమైనను అర్థసంబంధము శూన్యము. ఏకాకిగా నిలిచిన పోలిక యాదృచ్ఛికము కావచ్చును. అనేక పదములలో నియమముగా పునరావృత్తమగు భేదమే బంధుత్వమునకు సాక్ష్యము.

ఈ అధ్యయనముల చరిత్రయు గమనింపదగినది. శుక్రగ్రహము సూర్యబింబమును దాటుటను పరిశీలించుటకై 1769లో నార్వే ఉత్తరాగ్రమునగల వార్దోకు వెళ్లిన హంగేరీ శాస్త్రజ్ఞుడు సాయ్నోవిచ్, హంగేరియన్, సామీ భాషల బంధుత్వమును 1770లో గ్రంథరూపమున ప్రతిపాదించెను. విలియం జోన్స్ 1786 నాటి సుప్రసిద్ధ ప్రసంగమునకు ఇది పూర్వము. 1816లో ఎల్లిస్ తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన నిలిపి వాని ఏకమూలమును చూపెను. ద్రావిడ–ఉరాలిక్ వాదమును ప్రతిపాదించువారు ఆ రెండు కుటుంబముల మూలరూపముల నడుమ ఇట్టి ధ్వనినియమములను విస్తృతముగా చూపవలసియున్నది. అట్టి నిరూపణము లభించువరకు తరగతిగదిలో ఈ పోలికలను నిర్మాణసామ్యములుగా బోధించుట యుక్తము. జన్యసంబంధముగా బోధించుట సాహసము.