ఆరోగ్య సమాచారము – రోగి సేవ : నిదర్శనముల సేకరణ

రోగికి తన వ్యాధిని గూర్చి నాలుగు మంచి మాటలు చెప్పినచో మేలు కలుగునని అందరును నమ్ముదురు. గోడపత్రికలు, టెలిఫోను సలహాలు, నేటి చేతి ఫోను సందేశములు ఆ నమ్మకముపైననే నడచుచున్నవి. కాని చెప్పుట వేరు, రోగికి నయమగుట వేరు. మందును పరీక్షించినట్లే సమాచార సేవను గూడ పరీక్షింపవలెను.

ఇందుకు మన రాష్ట్రముననే ఉదాహరణము గలదు. గుండెజబ్బుల నివారణకై 44 పల్లెలలో జరిపిన పరీక్ష ఫలితములు 2012లో వెలువడినవి. ఎవరి ఇష్టముతోను నిమిత్తము లేక, చీట్లు వేసినట్లు పల్లెలను విభజించి, కొన్నింట ప్రచారము సాగించిరి. వీధి నాటకములు ఆడిరి, ఊరేగింపులు తీసిరి. తీరా చూడగా ఆ పల్లెల వారికి తక్కినవారికంటె తెలివిడి హెచ్చినట్లు కనబడలేదు! అదే పరీక్షలో, వైద్యులు కాని కార్యకర్తలకు ఒక క్రమమును నేర్పిన పల్లెలలో మాత్రము ప్రమాదము గలవారు నూటికి 63 మంది గుర్తింపబడిరి. ఇతర పల్లెలలో 51 మందియే.

గుర్తించుట ఒక మెట్టు మాత్రమే. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో ఆశా కార్యకర్తలకు టాబ్లెట్ యంత్రము లిచ్చి చేసిన మరియొక పరీక్షలో (ఫలితములు 2019) రక్తపోటు అదుపునకు వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. ఇట్టి ఫలితములను దాచి, అనుకూలమైనవానినే ఏరుకొన్నచో నిదర్శనము అబద్ధమగును. పరీక్ష ఆరంభమునకు ముందే దాని వివరములు నమోదు చేయుటకై భారతదేశమున 2007లో ఒక పట్టిక నెలకొల్పబడినది. నిదర్శనములు సేకరించు విద్యార్థి తొలుత అచట వెదకవలెను.

ఇక మన ప్రాంతమునకు వత్తము. చక్కెరవ్యాధి గలవారికి తెలుగున, ఉర్దూన సలహాలు చెప్పు సేవ యొకటి పెట్టితి మనుకొందము. (ఉర్దూ మాత్రమే చదువగల అవ్వకు తెలుగు కరపత్రము ఏపాటి సమాచారము?) దానిని ప్రొద్దుటూరున నడిపి, పులివెందుల పల్లెలతో పోల్చుట తగదు. ప్రొద్దుటూరు పెద్ద వర్తక కేంద్రము; వైద్యుడును మందుల అంగడియు అచట చేరువనే యుండును. అచటివారు బాగుపడినచో అది సేవ ఫలమో, పట్టణ ఫలమో తేలదు. కావున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల — ఒక్కొక్క మండలములోని పల్లెల నడుమనే చీట్లు వేయవలెను. రక్తమును పరీక్షించువారికి ఏ పల్లెకు సేవ అందినదో తెలియరాదు. నడుమ కువైటునకు పోయినవారిని, విసిగి మానుకొన్నవారిని విడిచి, మిగిలినవారినే లెక్కించినచో సేవ ఉన్నదానికంటె గొప్పగా కనబడును. మొదట ఏ చీటి వచ్చెనో ఆ జాబితాలోనే వారిని కడవరకు ఉంచవలెను.