చిన్నప్రేవులో చిన్న దీపము

పుల్లలచెరువు ప్రాంతమున ఒక బాలుడు పాలిపోయి, ఆటకు పోక, గోడకు చేరబడి కూర్చుండినచో పెద్దలు "ఒంట్లో రక్తము లేదు" అందురు. ఇనుము మాత్రలు వాడగా కొన్నాళ్లు కోలుకొనును; మరల పాలిపోవును. రక్తము తయారు కాకపోవుట ఒక సంగతి. తయారైన రక్తము లోపల ఎక్కడనో కారిపోవుట మరియొక సంగతి. ఈ రెండవదానిని గూర్చియే మేమిచ్చట వ్రాయదలచితిమి.

నోటి నుండి పంపు సాధారణ ఎండోస్కోపు గొట్టము జీర్ణాశయమును దాటి, చిన్నప్రేవు మొదటి భాగమైన ఆంత్రమూలము వరకే పోగలదు. క్రింది నుండి పంపు గొట్టము పెద్దప్రేవునంతయు చూచి, చిన్నప్రేవు కొసను తాకి ఆగిపోవును. పెద్దవారిలో సుమారు 6 మీటర్లుండు చిన్నప్రేవున నడిమి భాగమంతయు చీకటిలోనే మిగులును. ఆహారసారమును పీల్చుకొను చూషకములు అత్యధికముగా నుండునది ఆ చీకటిలోనే.

క్షిపణులకు అమర్చు దృశ్యపరికరములపై పనిచేసిన ఇజ్రాయేలు ఇంజనీరు గావ్రియేల్ ఇద్దాన్ ఈ చీకటికి ఉపాయము కనుగొనెను. ఆయనయు, సహచరులును రూపొందించిన కాప్సూల్ వృత్తాంతము 2000లో 'నేచర్' పత్రికలో వెలువడినది. దాని పొడవు 26 మిల్లీమీటర్లు, వెడల్పు 11. అందులోనే దీపము, కెమెరా, బ్యాటరీలు, రేడియో ప్రసారిణి. సెకనుకు రెండు చిత్రముల చొప్పున ఎనిమిది గంటలు తీసినచో 57,600 చిత్రములు! నడుమునకు కట్టిన పెట్టె వాటిని గ్రహించును; వైద్యుడు తరువాత ఓపికగా చూడవలెను. ప్రేవు తన సహజ చలనముతోనే కాప్సూల్‌ను ముందుకు నెట్టును గనుక నొప్పి యుండదు. ముందు రాత్రి నుండి ఉపవాసముండవలెను. రంజాను నెల ఎరిగిన ఇండ్లకు ఇది వింత కాదు.

అమెరికా ఔషధ సంస్థ దీనిని పెద్దలకు 2001లోను, పదేండ్లు దాటిన పిల్లలకు 2003లోను, రెండేండ్లు దాటినవారికి 2009లోను అనుమతించినది. కాని కాప్సూల్ పరిమాణము మారలేదు. పిల్లవాని గొంతు చిన్నది. మింగలేని పసివారికి మత్తు ఇచ్చి, ఎండోస్కోపుతో దానిని ఆంత్రమూలమున విడుతురు.

తల్లిదండ్రుల అసలు భయము వేరు: అది లోపలనే చిక్కుకొన్నచో? ఆ భయము అర్థములేనిది కాదు. ప్రేవు ఇరుకైన చోట కాప్సూల్ నిలిచిపోవచ్చును; శస్త్రచికిత్స కూడ అవసరము కావచ్చును. అందుచేత అనుమానమున్నచో అదే పరిమాణము గల, లోపల కరిగిపోవు కాప్సూల్‌ను ముందుగా మింగించి దారి పరీక్షింతురు. అసలు కాప్సూల్ వెలుపలికి వచ్చినదని రూఢియగు వరకు ఎమ్.ఆర్.ఐ. తీయరాదు.

మన దేశమున ప్రేవును ఇరుకుచేయు వ్యాధులలో క్షయ ముఖ్యమైనది. హైదరాబాదు వైద్యులు డి. నాగేశ్వర రెడ్డి, సహచరులు చిన్నప్రేవు క్షయ కాప్సూల్ చిత్రములలో ఎట్లు కనిపించునో 2003లోనే 'ఎండోస్కోపీ' పత్రికలో ప్రకటించిరి. క్రోన్స్ అను వ్యాధి పుండ్లును ఇంచుమించు అట్లే యుండును. రెంటికిని చికిత్సలు వేరు. కాప్సూల్ చూడగలదే గాని పరీక్షకై కణజాలపు ముక్కను తీయలేదు. చిత్రము చూచినంతనే రోగము తేలిపోయినదనుకొనుట పొరపాటని మా అభిప్రాయము.

ఇంత ఖరీదైన యంత్రము చిన్నప్రేవులోనికి పోయి ఒక్కొక్కప్పుడు చూపునదేమి? గోడకు కరచుకొని రక్తము పీల్చు కొంకిపురుగులను! పొలములలో బహిర్భూమికి పోవు చోట, చెప్పులు లేని పాదముల చర్మము గుండా ఇవి శరీరమున ప్రవేశించును. వీటి గ్రుడ్లను సాధారణ మలపరీక్షలోనే కనుగొనవచ్చును. కావున పాలిపోయిన పిల్లవానిని పట్టణమునకు కొనిపోవుటకు ముందే ఆ పరీక్ష చేయించుట మేలు. నల్లని మలము, మలములో రక్తము, మానని కడుపునొప్పి, బరువు తగ్గుట ఉన్నచో మాత్రము ఆలస్యము చేయక పిల్లల వైద్యునికి చూపవలెను.

2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినమున, అనగా ఫిబ్రవరి 10న, బడులలోను అంగన్‌వాడీలలోను 1 నుండి 19 ఏండ్ల వారికి ఆల్బెండజోల్ మాత్ర ఉచితముగా ఇత్తురు. ఆనాడు రాని పిల్లలకు కొలది దినముల తరువాత మరల ఇత్తురు.