బిడ్డకు సీటు, బిడ్డకు చదువు



జీడి పంట చేతికి వచ్చే రోజులూ, పిల్లలకు బడి వెతికే రోజులూ మన ఉద్దానంలో ఒకేసారి వస్తాయి. మార్చి నెల దాటిందంటే గురువుల నివాసానికి వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది. జ్ఞానస్నానం కోసమో, ఇంటి ఆశీర్వాదం కోసమో కాదు. "ఫాదర్ గారూ, సిస్టర్ల బడికి ఒక చీటీ రాసి ఇవ్వండి" అని అడగడానికి. కాశీబుగ్గలో అయినా సరే, టెక్కలిలో అయినా సరే, సీటు దొరికితే చాలునంటారు. వారి నోట సీటు అనే మాట పదిసార్లు వినిపిస్తే, చదువు అనే మాట ఒక్కసారి వినిపిస్తుంది. ఈ వారం ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరాన్ని గురించి ఆలోచిద్దాం.

లక్ష్యం వేరు, సాధనం వేరు అన్నది తత్వశాస్త్రంలో మొదటగా నేర్పే పాఠాలలో ఒకటి. మన తీరంలో వేటకు వెళ్లేవారికి ఈ పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు. వల సాధనం, చేప లక్ష్యం. ఎంత ఖరీదైన వల కొన్నా చేప లేని చోట వేస్తే ఒట్టి చేతులతో తిరిగి రావలసిందే. బడి కూడా సాధనమే. బిడ్డకు ఆలోచించడం రావాలి, చదివినది అర్థం కావాలి, పదిమందితో కలిసి మెలగడం తెలియాలి, దేవునికి భయపడి మనిషిని గౌరవించడం అలవాటు కావాలి. లక్ష్యమంటే ఇదీ. బడి పేరు, యూనిఫాం రంగు, గేటు ముందు నిలిచే పసుపు బస్సు లక్ష్యం కావు.

జెబదాయి భార్య తన ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని యేసు ప్రభువు దగ్గరకు వచ్చి, ఒకరికి కుడివైపు, ఒకరికి ఎడమవైపు స్థానం ఇమ్మని అడిగిన సంగతి మత్తయి సువార్త 20వ అధ్యాయంలో చదువుతాము. సీటు కోసం సిఫారసు అడిగిన మొదటి తల్లి ఆవిడేనేమో! ప్రభువు ఆమెను కసరలేదు. అడుగుతున్నదేమిటో మీకు తెలియదని మాత్రం చెప్పి, ఆ స్థానానికి ఏ పాత్రలోనిది తాగవలసి ఉంటుందో గుర్తు చేశారు. మనం కోరే సీటుకు బిడ్డ చెల్లించవలసిన మూల్యం ఏమిటో ముందుగా తెలుసుకోవాలి.

ఆ మూల్యంలో మొదటిది ప్రయాణం. వజ్రపుకొత్తూరు వైపు తీర గ్రామాల నుండి, మందస పల్లెల నుండి నాలుగైదేళ్ల పిల్లలు పలాస బడులకు వ్యానులలో వస్తున్నారు. ఊరూరా ఆగుతూ వచ్చే వ్యానులో పోవడానికి గంట, రావడానికి గంట పడుతుందనుకోండి. మీరే లెక్క వేయండి. విద్యా హక్కు చట్టం 1 నుండి 5 తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలని నిర్దేశించింది. రోజుకు రెండు గంటల చొప్పున 200 రోజులకు 400 గంటలు. అంటే బిడ్డ తరగతిలో గడిపే ప్రతి రెండు గంటలకూ ఒక గంట వ్యానులో గడుపుతున్నాడు. అవ్వ ఒడిలో కథ వినవలసిన సమయం, పెరట్లో ఆడుకోవలసిన సమయం అది. తిమోతి విశ్వాసం ముందుగా అతని అవ్వ లోయిలోను, తల్లి యూనీకేలోను ఉండినదని పునీత పౌలుగారు జ్ఞాపకం చేస్తారు. సాయంత్రం ఆరు గంటలకు నిద్రమత్తులో ఇల్లు చేరే బిడ్డకు ఏ అవ్వ ఏమి నేర్పగలదు?

ఇక ఇంటర్వ్యూల సంగతి. నాలుగేళ్ల పసివాణ్ణి కూర్చోబెట్టి రంగుల పేర్లు ఇంగ్లీషులో చెప్పమనడం, పక్కగదిలో తల్లి ఎంతవరకు చదివిందో అడగడం కొన్నిచోట్ల ఆచారమైపోయింది. పలాస జీడి కార్ఖానాలలో పనిచేసే మన అక్కచెల్లెళ్లు గుళ్లు ఒకవైపు, బద్దలు ఒకవైపు, ముక్కలు ఒకవైపు ఏరుతారు. పప్పుకు ఆ పద్ధతి సరైనదే, ధర అలాగే పలుకుతుంది. పసిపిల్లలను అలా ఏరడం ఏ న్యాయం? 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యా హక్కు చట్టం 13వ సెక్షను ఈ పనిని నిషేధించింది. బిడ్డకు గాని తల్లిదండ్రులకు గాని పరీక్ష పెట్టి ఎంపిక చేస్తే మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. క్యాపిటేషన్ రుసుము వసూలు చేస్తే దానికి పది రెట్ల వరకు జరిమానా ఉంటుంది.

అయితే ఇక్కడ రెండు సంగతులు దాచకుండా చెప్పాలి. ఆ చట్టం 6 నుండి 14 ఏళ్ల పిల్లలను ఉద్దేశించినది. ఇంటర్వ్యూలు ఎక్కువగా జరిగేది అంతకంటే చిన్నవారికి, ఎల్.కె.జి.లో. రెండవది మన ఇంటి విషయం. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రకారం మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదు. ప్రైవేటు బడులలో ఒకటవ తరగతిలో పేద పిల్లలకు కేటాయించే 25 శాతం సీట్ల నియమం కూడా వాటికి లేదు. కనుక మన కథోలిక బడిని ఆ చట్టం పేరుతో ఎవరూ ప్రశ్నించలేరు. కాని చట్టం వదిలిపెట్టినంత మాత్రాన మనస్సాక్షి వదిలిపెట్టదు గదా! ద్వితీయ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న క్రైస్తవ విద్యను గూర్చి వెలువరించిన ప్రకటనలో, పేదలను, కుటుంబ ఆసరా లేనివారిని, విశ్వాస వరం ఇంకా పొందనివారిని ప్రత్యేకంగా పట్టించుకోవాలని కోరింది. మైనారిటీ హక్కు మనకు లభించింది ఈ పని స్వేచ్ఛగా చేసేందుకే. ఇంగ్లీషు రాని తల్లిని చూసి బిడ్డకు సీటు లేదనే బడి, ఏ సిస్టర్లు నడిపినా, ఏ ఫాదర్లు నడిపినా, ఆ హక్కును తలక్రిందులు చేస్తున్నట్లే. బడులు నడిపే నా తోటి గురువులూ, కన్యస్త్రీలూ ఈ మాటను కోపగించుకోకుండా చదువుతారని నమ్ముతున్నాను.

"మరి మా పిల్లలను కథోలిక బడికే పంపాలని శ్రీసభ చెబుతుంది కదా ఫాదర్?" అని కొందరు అడుగుతారు. 1983 నాటి శ్రీసభ న్యాయశాస్త్రంలో 793 నుండి 798 వరకు ఉన్న నియమాలు చూడండి. బిడ్డను తీర్చిదిద్దే బాధ్యతా హక్కూ మొదట తల్లిదండ్రులవి. బడిని ఎన్నుకోవడంలో వారికి నిజమైన స్వేచ్ఛ ఉండాలి. వీలైతే కథోలిక విద్య లభించే బడికి పంపాలి, వీలుకానప్పుడు బడి వెలుపల ఆ విద్య అందేలా చూడవలసినది తల్లిదండ్రులే. ఈ చివరి మాటను మనం త్వరగా దాటేస్తాము. ఊరిలోని ప్రభుత్వ బడికి పంపి, ఆదివారం సత్యోపదేశానికి తప్పకుండా తీసుకువచ్చి, రాత్రి ఇంట్లో కుటుంబ ప్రార్థన చెప్పించే తండ్రి శ్రీసభ మాటను జవదాటినవాడు కాడు. కథోలిక బడిలో వేసి, ఇక అన్నీ సిస్టర్లే చూసుకుంటారని చేతులు దులుపుకొన్నవాడి గురించి నాకు ఎక్కువ బెంగ.

పునీత తోమాసు అక్వినాసుగారు గురువును వైద్యునితో పోల్చారు. మందు ఇచ్చేది వైద్యుడే అయినా దేహాన్ని బాగుచేసేది దేహంలోని స్వభావశక్తి. అలాగే బోధించేది గురువే అయినా తెలుసుకునేది బిడ్డలోని బుద్ధి. ఈ దృష్టితో చూస్తే భాష విషయం తేలికగా అర్థమవుతుంది. బుద్ధి తనకు తెలిసిన దాని మీద నిలబడి తెలియని దానిని అందుకుంటుంది. తెలుగులో నాలుగు వాక్యాలు చదవలేని బిడ్డకు ఇంగ్లీషులో పాఠం బట్టీ పట్టించడం పునాది లేకుండా గోడ లేపడమే. ఇంగ్లీషు వద్దని నేను అనను, అది అన్నం పెట్టే భాష. కాని మూడవ తరగతి చదువుతూ తెలుగు బైబిలులో ఒక వచనం కూడబలుక్కోలేని పిల్లలు సత్యోపదేశం తరగతులలో ఏటేటా పెరుగుతున్నారు. ఇంగ్లీషు బైబిలు ఇస్తే అదీ చదవలేరు. మన రాష్ట్ర ప్రభుత్వ బడులలో ఇప్పుడు ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉండే పాఠ్యపుస్తకాలు ఇస్తున్నారు. వాటిని ఒకసారి తిరగేసి చూడండి.

బడిని ఎన్నుకునే ముందు ప్రకటనలు చదవడం కాదు, పనిరోజున స్వయంగా వెళ్లి చూడాలి. మూడవ తరగతి పిల్లవానికి ఒక పేరా ఇచ్చి చదవమనండి. ఒక్కొక్క ఉపాధ్యాయునికి ఎందరు పిల్లలో లెక్కపెట్టండి. ప్రాథమిక బడిలో 60 మంది వరకు పిల్లలుంటే కనీసం ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని చట్టం. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ ఉందో లేదో చూడండి. కిడ్నీ జబ్బుతో ఎన్నో కుటుంబాలు కుంగిన ప్రాంతం మనది, తాగే నీరు ఎక్కడి నుండి వస్తున్నదో అడగడం మరువకండి. టీచరు చేతిలో బెత్తం ఉంటే, మంచి క్రమశిక్షణ అని మురిసిపోవద్దు. పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ ఆ చట్టమే నిషేధించింది.

డబ్బు విషయంలో ఒక చేదు మాట చెప్పక తప్పదు. వీరావల్ పడవల మీద నుండి నాన్న పంపే డబ్బు, అమ్మ జీడిపప్పు ఒలిచిన కూలి కలిపినా ఇద్దరు పిల్లల ఫీజుకు చాలదు. అప్పుడు కొడుకు ఇంగ్లీషు మీడియం వ్యాను ఎక్కుతాడు, కూతురు ఊరి బడికి నడిచి వెళుతుంది. ఊరి బడి మంచిదైతే ఇద్దరూ అక్కడే చదవవచ్చు గదా! అది మంచిది కాదనుకుంటే కూతురికి మాత్రం ఎలా సరిపోయింది? 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం పథకంలో ఇంట్లో చదువుకునే ప్రతి బిడ్డ పేరిటా 15,000 రూపాయలు మంజూరై, 2,000 బడి నిర్వహణకు పోగా 13,000 తల్లి ఖాతాలో పడుతున్నాయి. కూతురి పేరిట వచ్చిన ఆ 13,000 కొడుకు ఫీజులో కలిసిపోతున్న ఇళ్లు మన విచారణలలో లేవని ఎవరైనా అనగలరా? పాపసంకీర్తనకు సిద్ధపడేటప్పుడు ఇది కూడా జ్ఞాపకం చేసుకోవలసిన విషయమే.

కొంచెం పెద్ద పిల్లలకు మరొక పోటీ ఉంది. అంబేద్కర్ గురుకులాలలో ఐదవ తరగతికి, వెన్నెలవలస నవోదయలో, కోరుకొండ సైనిక్ స్కూలులో ఆరవ తరగతికి ప్రవేశ పరీక్షలు జరుగుతాయి. ఇవి మంచి అవకాశాలే, పేదవాడు సద్వినియోగం చేసుకోవాలి. నవోదయ విషయంలో తెలియక నష్టపోయేవారు ఉన్నారు కనుక కొంచెం వివరిస్తాను. అక్కడ కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలవి. ఆ కోటా దక్కాలంటే 3, 4, 5 తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు పొందిన బడిలోనే చదివి ఉండాలి. పలాస-కాశీబుగ్గ మునిసిపాలిటీ. నాలుగవ తరగతిలో పల్లె నుండి అక్కడి బడికి మార్చితే, మీరు పల్లెలోనే కాపురమున్నా బిడ్డ పట్టణ విద్యార్థిగానే లెక్కకు వస్తాడు. ఆరవ తరగతి ప్రవేశ పరీక్ష రాసే అవకాశం ఒక్కసారే. జిల్లా మొత్తానికి గరిష్ఠంగా 80 సీట్లు. అంటే రాసినవారిలో చాలామందికి రాదు. రాని బిడ్డను పక్కింటివారితో పోల్చి ఏడిపించకండి, తొమ్మిదేళ్ల బిడ్డ ఓడిపోయేంత నేరం ఏమీ చేయలేదు. కోచింగు పేరిట ఏడాదంతా ఆదివార దివ్యబలిపూజ మాన్పించడం కూడా తగదు. ఉదయం పూజ తర్వాత రోజంతా మిగిలే ఉంటుంది.

చివరగా పుట్టిన తేదీ సంగతి. వయస్సు చాలలేదనో, ఎక్కువైందనో, జ్ఞానస్నాన పత్రంలో తేదీ మార్చి ఇమ్మని కొందరు అడుగుతారు. "ఒక్క నెలే కదా ఫాదర్" అంటారు. బిడ్డ జీవితంలోని మొదటి పత్రం మీద అబద్ధం రాయించి, ఆ పత్రంతోనే సత్యం నేర్చుకోమని బడికి పంపడం ఎలా కుదురుతుంది? పైగా ఇకమీదట అది పనికి కూడా రాదు. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1న గాని తర్వాత గాని పుట్టిన పిల్లలకు బడి ప్రవేశానికి జనన ధ్రువపత్రం ఒక్కటే రుజువు. ఆ పిల్లలే కొద్ది కాలంలో ఒకటవ తరగతి మెట్టెక్కుతారు. కనుక బిడ్డ పుట్టిన 21 రోజులలోపు నమోదు చేయించండి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కోసం తిరగవలసి వస్తుంది. జ్ఞానస్నానానికి పెట్టే పేరు, నమోదులో రాయించే పేరు ఒకటే ఉండేలా చూసుకోండి. ఒకచోట మరియమ్మ, మరోచోట మేరీ, ఆధార్‌లో ఇంకొకటి అయితే ఆ చిక్కు పదవ తరగతి దాకా వెంటాడుతుంది.

సిఫారసు చీటీ కావలసినవారు జనన ధ్రువపత్రం నకలు తీసుకొని శనివారం సాయంత్రం రావచ్చు. కుటుంబం మన విచారణకు చెందినదనీ, బిడ్డ ఫలానా రోజున జ్ఞానస్నానం పొందినాడనీ అందులో రాస్తాను. అంతకుమించి రాయను. వచ్చేటప్పుడు బిడ్డను కూడా వెంట తీసుకురండి.