పిల్లల పలువరుస – తల్లిదండ్రుల కర్తవ్యం

మన తెలుగు కవులు దంతాలను మల్లెమొగ్గలతోను, దానిమ్మ గింజలతోను పోల్చారు. ఉర్దూ కవులు ముత్యాలతో పోల్చారు. ఉపమానం ఏదైనప్పటికీ, తెలుగులో అంతకంటె చక్కని మాట ఒకటి కలదు, అది "పలువరుస". పళ్ళ అందం వాటి తెలుపులో కంటె వాటి వరుసలోనే ఉన్నదని ఆ మాటే చెబుతున్నది. అయితే వరుస తప్పిన పళ్ళను చూచినప్పుడు మనవారు సాధారణంగా చేసేవి రెండే పనులు. బడిలో తోటిపిల్లలు వెక్కిరిస్తారు. ఇంటిలో పెద్దలు "పన్ను మీద పన్ను అదృష్టం" అని సరిపెట్టుకుంటారు. ఈ రెండింటి వలన పన్ను తన చోటికి రాదు. పిల్ల మాత్రం నవ్వు వచ్చినప్పుడెల్లా అరచేయి నోటికి అడ్డం పెట్టుకొనడం నేర్చుకుంటుంది.

మేము వైద్యులము కాము, భాషను బోధించేవారము. అయినప్పటికీ ఈ విషయాన్ని ఎన్నుకొనుటకు కారణం కలదు. భోగాపురం చుట్టుపట్ల గ్రామాల విద్యార్థులలో అనేకులు తమ కుటుంబాలలో కళాశాల మెట్లు ఎక్కిన మొదటి తరమువారు. ఇంటిలో వైద్యుని చీటీ చదివి చెప్పేది వారే. తమ్ముణ్ణి, చెల్లెలిని ఆసుపత్రికి తీసుకొనిపోయేది వారే. రేపు తల్లిదండ్రులు కాబోయేదీ వారే. పిల్లల దంతాల విషయంలో ముందుగా తెలిసికొన్నవారికి పని సులభం, ఖర్చు స్వల్పం; ఆలస్యంగా తెలిసికొన్నవారికి రెండూ భారమే.

వరుస ఎందుకు ముఖ్యం?

వర్ణోత్పత్తి స్థానాలు చదివిన విద్యార్థులకు త, థ, ద, ధ, న అనేవి దంత్యాలని తెలుసు. 'వ' పలుకవలెనంటే పై పళ్ళు క్రింది పెదవిని తాకవలెను. ఉర్దూలోని 'ఫే' ధ్వనికీ అంతే. పై పళ్ళు, క్రింది పళ్ళు కలియక ముందు భాగంలో సందు మిగిలిపోయిన పిల్లలలో కొందరికి 'స' స్పష్టంగా పలుకదు. జామకాయను ముందు పళ్ళతో కొరుకలేక ప్రక్క పళ్ళతో కొరుకుతారు. ఒకదానిపై ఒకటి ఎక్కిన పళ్ళ మధ్య ఆహారం ఇరుక్కొని, శుభ్రపరచుట కష్టమై, పుచ్చు, చిగుళ్ళ వాపు త్వరగా వస్తాయి. ఎత్తుపళ్ళు గల పిల్లవాడు కబడ్డీలోనో, సైకిలు మీదనుండో బోర్లా పడితే ముందుగా విరిగేవి ఆ పళ్ళే. కనుక దీనిని సోకుగా భావించి త్రోసిపుచ్చరాదు.

వరుస ఎందుకు తప్పుతుంది?

దవడ కొలత, పళ్ళ కొలత చాలవరకు వారసత్వంగా వస్తాయి. చిన్న దవడలో పెద్ద పళ్ళు మొలిస్తే చోటు చాలదు. దీనిని మనము ఆపలేము. కాని మిగిలిన కారణాలలో ముఖ్యమైనవి మన చేతిలోనే ఉన్నవి. నాలుగేళ్ళు దాటిన తరువాత కూడ బొటనవ్రేలు చీకే పిల్లలకు పై పళ్ళు ముందుకు వస్తాయి. ఆ వ్రేలికి కారం పూయడం, పదిమందిలో సిగ్గుపరచడం వలన అలవాటు మరింత ముదురుతుంది, మెల్లగా మాన్పించవలెను. ఎల్లప్పుడు నోరు తెరచి ఊపిరి పీల్చే పిల్లలకు ముక్కులోనో, గొంతు వెనుకనో అడ్డంకి ఉండవచ్చును. అట్టివారిని ముందు చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపవలెను.

అన్నిటికంటె ఎక్కువ ఉపేక్షకు గురియయ్యే కారణం పాలపళ్ళ పుచ్చు. "ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా" అని మనము అనుకుంటాము. పాలపన్ను తన క్రింద పెరుగుచున్న శాశ్వత దంతానికి చోటు కాపలా కాస్తుంది. వెనుకనున్న పాల దవడపన్ను పది, పన్నెండేళ్ళ వరకు నిలువవలసినది. అది ఆరేడేళ్ళకే పుచ్చి ఊడిపోతే వెనుక పన్ను ముందుకు జరిగి ఆ చోటును ఆక్రమిస్తుంది. తరువాత రావలసిన పన్ను ప్రక్కకో, పైకో పోతుంది. పుచ్చును తొలిదశలో నింపించడం, తప్పనిసరిగా తీయించవలసి వస్తే ఆ చోటును నిలిపి ఉంచే చిన్న తీగను అమర్పించడం తరువాతి పెద్ద చికిత్సను చాలమందిలో తప్పించగలదు, లేదా తేలిక చేయగలదు.

తల్లులు తప్పక తెలిసికొనవలసిన విషయం మరొకటి కలదు. పాలపళ్ళు మొత్తం 20. ఆరవ ఏట, ఏ పన్నూ ఊడకుండానే, అన్నిటికంటె వెనుక ఒక్కొక్క ప్రక్క పైన, క్రింద కొత్త దవడపన్ను మొలుస్తుంది. అది శాశ్వత దంతం. ఊడిన పాలపన్నును ఇంటి కప్పు మీదికి విసరి కొత్త పన్ను కోరుకొనే మన ఆచారంలో ఈ పన్నుకు చోటు లేదు. దీని కొరకు ఏదీ ఊడదు గదా! అందుచేత అనేకులు దీనిని కూడ పాలపన్ననుకొని పుచ్చిపోనిస్తారు. ఇది పోతే మరల రాదు.

ఏడవ ఏట చూడవలసినవి

ఏడు సంవత్సరాలు నిండేలోగా పిల్లవాని పలువరుసను ఒకసారి దంతవైద్యునికి చూపుట మంచిదని ఈ శాఖ నిపుణుల సలహా. చూపిన ప్రతివానికి చికిత్స అవసరమని అర్థం కాదు. అంతకుముందు ఇంటిలోనే పగటి వెలుతురులో ఈ క్రింది సంగతులు చూడవచ్చును.

1. నోరు మూసి పళ్ళు కరచినప్పుడు పై పళ్ళు క్రింది పళ్ళకు కొంచెం ముందుగా ఉండవలెను. క్రింది పళ్ళే ముందుకు వస్తే ఆలస్యం చేయరాదు.

2. ప్రక్క పళ్ళు ఒకవైపు లోపలికి కరచుచు, నోరు మూసినప్పుడు గడ్డం ఒక ప్రక్కకు జరుగుతుంటే దానిని చిన్నతనంలోనే సరిచేయవలెను.

3. పై పళ్ళు ఎంతో ముందుకు ఉండి పెదవులు ప్రయత్నం లేకుండా కలియకపోతే చూపించవలెను.

4. ఒకవైపు పన్ను వచ్చి ఆరు మాసాలు గడచినను రెండవవైపు అదే పన్ను రాకపోతే కారణం తెలిసికొనవలెను.

వేచియుండదగినవి కూడ ఉన్నవి. ఎనిమిది నుండి పదకొండేళ్ళ మధ్య పై ముందు పళ్ళ నడుమ సందు ఏర్పడి, పళ్ళు విసనకర్రవలె విచ్చుకొనడం చాలమంది పిల్లలలో సహజం. పదకొండు, పన్నెండేళ్ళకు కోరపళ్ళు దిగినప్పుడు ఆ సందు చాలవరకు తానే మూసుకొంటుంది. ఈ సందును మూయుటకు ఇంటిలో రబ్బరుబ్యాండు తగిలించడం మహా ప్రమాదం. అది చిగురు క్రిందికి జారి వేరు చుట్టునున్న ఎముకను తినివేస్తుంది. చివరకు ఆరోగ్యమైన రెండు పళ్ళూ ఊడిపోవచ్చును.

పన్ను ఎలా కదులుతుంది?

పది శతాబ్దాల క్రిందట కొర్డోవా నగరంలో జీవించిన శస్త్రవైద్యుడు అల్ జహ్రావీ తన "కితాబ్ అల్ తస్రీఫ్" గ్రంథంలో పళ్ళ గారను గీకే పనిముట్లను బొమ్మలతో సహా వివరించి, కదిలే పళ్ళను బంగారు తీగతో కట్టే విధానం చెప్పాడు. 1728లో ఫ్రాన్సు దేశీయుడు పియర్ ఫోషార్ వంకరపళ్ళను సరిచేసే లోహపు బద్దను వర్ణించాడు. 1899లో అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ ఏంగిల్, ఆరవ ఏట వచ్చే దవడపన్నునే ఆధారంగా గైకొని, పళ్ళ కరపును మూడు తరగతులుగా విభజించాడు. ఆ విభజన నేటికీ వాడుకలో ఉన్నది. మన దేశంలో ఈ శాఖ వైద్యుల సంఘం 1965లో ఏర్పడింది.

మనము "క్లిప్పులు" అని పిలిచే చికిత్సలో బలప్రయోగం లేదు. పన్నుకు అంటించిన చిన్న లోహపు ముక్కల గుండా సన్నని తీగ పోతుంది. ఆ తీగ ఎడతెగక మెల్లగా నెట్టుతుంది. నెట్టిన వైపు ఎముక కరగుతుంది. విడిచిన వైపు కొత్త ఎముక ఏర్పడుతుంది. ఈ విధంగా పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే జరుగుతుంది. తొందరపడి ఎక్కువ బలం పెడితే వేరుకే నష్టం. అందువలననే చికిత్సకు సాధారణంగా ఏడాదిన్నర నుండి రెండేళ్ళు పడుతుంది. దవడ ఎదుగుదలనే మళ్ళించవలసి వస్తే ఎదుగుదల వేగంగా ఉండే వయస్సులో, ఆడపిల్లలకు మగపిల్లల కంటె ముందుగా, తీసి పెట్టుకొనే పరికరాలు ఇస్తారు. ఆ వయస్సు దాటితే కొందరికి దవడకు శస్త్రచికిత్స తప్ప మార్గం ఉండదు.

చోటు బొత్తిగా చాలనప్పుడు వైద్యుడు కోరపళ్ళ వెనుకనున్న చిన్న దవడపళ్ళలో కొన్నింటిని తీయమనవచ్చును. "మంచి పళ్ళు తీయడమేమి?" అని తల్లిదండ్రులు కలత చెందుతారు. కారణం అడుగుట వారి హక్కు. ఎక్సరే చూపి వివరించుట వైద్యుని ధర్మం. పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందనే భయం మాత్రం నిరాధారం.

గ్రహణం మొర్రి

ఈ సందర్భంలో ఒక బాధాకరమైన మాటను ప్రస్తావింపక తప్పదు. చీలిన పెదవితో పుట్టిన శిశువును చూచి, గర్భవతి గ్రహణ సమయంలో బయట తిరిగినందున ఇట్లయినదని తల్లిని నిందిస్తారు. భాషలో కూడ ఆ నింద "గ్రహణం మొర్రి" అని స్థిరపడిపోయింది. గర్భం తొలి మూడు మాసాలలో ముఖభాగాలు కలిసికొనే క్రమంలో లోపం వలన ఇది వస్తుంది; గ్రహణానికి దీనితో సంబంధం లేదు. పెదవికి సాధారణంగా మూడు నుండి ఆరు మాసాల వయస్సులోను, అంగిలికి ఏడాది అటూ ఇటూగాను శస్త్రచికిత్స చేస్తారు. అంతటితో కథ ముగియదు. ఏడెనిమిదేళ్ళ తరువాత పలువరుస సరిచేసే వైద్యుని అవసరం అట్టి పిల్లలకు అందరికంటె ఎక్కువ. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పిల్లలను పరీక్షించవలసిన లోపాల జాబితాలో ఈ చీలిక, పళ్ళ పుచ్చు రెండూ ఉన్నవి. పరీక్ష జరిగే రోజున పిల్లలను బడి మాన్పించరాదు.

మొదలుపెట్టే ముందు

దంతవైద్యంలో పట్టా పొందిన తరువాత మరి మూడేళ్ళు ఈ శాఖలో ఎం.డి.ఎస్. చదివినవారు దీని నిపుణులు. వైద్యుని రిజిస్ట్రేషన్ అడిగి తెలిసికొనుట అమర్యాద కాదు. ప్రతి దంత వైద్య కళాశాలలోను ఈ శాఖ ఉంటుంది; అధ్యాపకుల పర్యవేక్షణలో చికిత్స జరుగుతుంది; రుసుము సాధారణంగా బయటికంటె తక్కువ. మన భోగాపురం నుండి విశాఖపట్నం పోయే జాతీయ రహదారి మీదుగా వెళితే సంగివలసలో అనిల్ నీరుకొండ దంత వైద్య కళాశాల, విశాఖలో గీతం దంత వైద్య కళాశాల ఉన్నవి.

రుసుముతోపాటు మరొక లెక్క వేయవలెను. నాలుగు నుండి ఆరు వారాలకు ఒకసారి చొప్పున రెండేళ్ళలో సుమారు 17 నుండి 26 పర్యాయాలు వెళ్ళవలసి ఉంటుంది. ప్రతి పర్యాయం బస్సు ఛార్జి, తోడు వెళ్ళినవారి ఒకనాటి కూలి, పిల్లవాని ఒకనాటి బడి పోతాయి. మన ప్రాంతంలో పనికై హైదరాబాదుకో, మద్రాసుకో వలసపోయే కుటుంబాలు కలవు. సగంలో ఊరు విడిచిన పిల్లవాని పళ్ళమీద తీగలు అట్లే ఉండిపోతే మేలుకంటె కీడే అధికం. అట్టి అవకాశం ఉన్నవారు ముందే వైద్యునికి చెప్పి, చికిత్స వివరాల కాగితాలను తీసికొని, వెళ్ళినచోట కొనసాగించవలెను. మొత్తం ఖర్చు ఎంత, వాయిదాలు ఉన్నవా, చివరిలో ఇచ్చే పరికరం అందులో చేరినదా అని మొదటనే అడుగవలెను.

ఇంటి పాత్ర

క్లిప్పులు వేసిన తరువాత సగం చికిత్స ఇంటిలోనే జరుగుతుంది. జీళ్ళు, వేరుసెనగ అచ్చులు, చెరకు, మామిడి టెంక, గట్టి జంతికలు తీగలను ఊడదీస్తాయి. తాటిముంజలు నిరభ్యంతరం. జామకాయను ముక్కలుగా కోసి ఇవ్వవచ్చును. వేపపుల్ల, మిస్వాక్ మన పెద్దలు నేర్పిన మంచి అలవాట్లే. కాని తీగల సందులలోనికి అవి పోలేవు. ఫ్లోరైడు గల పేస్టుతో, మెత్తని బ్రష్షుతో భోజనం చేసిన ప్రతిసారి తోముకొనవలెను. లేనియెడల తీగలు తీసిన నాడు పళ్ళు వరుసగానే ఉంటాయి గాని, వాటిమీద చెరగని తెల్లమచ్చలు మిగులుతాయి.

తీగలు తీసిన తరువాత పళ్ళు తమ పాత చోటికి పోవుటకు చూస్తాయి. వాటిని నిలుపుటకు ఇచ్చే "రిటైనర్"ను మొదట ఇంచుమించు రోజంతా, తరువాత రాత్రులందు, వైద్యుడు చెప్పినంతకాలం ధరింపవలెను. రెండేళ్ళ కష్టం నిలిచేది దీనివలననే.

చివరగా ఒక మాట. ఆడపిల్ల పళ్ళ సంగతి అనేక ఇళ్ళలో సంబంధాలు చూచే వేళకు గాని జ్ఞాపకం రాదు. అప్పుడు మూడు నెలలలో సరిచేయమని వైద్యుని ప్రాధేయపడతారు. పెద్ద వయస్సులోను చికిత్స సాధ్యమే. కాని ఎముకకు పెళ్ళి ముహూర్తం తెలియదు. ఏడవ ఏటనే ఆ పిల్ల నోరు తెరిపించి చూచియుంటే, ఆమె చదువుకొనే రోజులలోనే, ఆమె నవ్వు ఆమె కొరకే సరిదిద్దబడి ఉండేది. పెళ్ళివారి కొరకు కాక పిల్ల కొరకు చేయించే చికిత్సయే తగిన వయస్సులో జరుగుతుంది.

దంత వైద్య కళాశాలలు గ్రామాలలో ఉచిత పరీక్షా శిబిరాలు నిర్వహిస్తుంటాయి. మన కళాశాల పాలకవర్గమువారు సంవత్సరానికి ఒకనాడు అట్టి శిబిరాన్ని ఇచ్చటికి ఆహ్వానించి, విద్యార్థుల తమ్ముళ్ళను, చెల్లెళ్ళను కూడ రప్పింపవలెనని మా మనవి. అంతవరకు మన విద్యార్థులు వేచియుండనక్కరలేదు. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆరేడేళ్ళ పిల్లలను వెలుతురులో కూర్చుండబెట్టి, వెనుకనున్న ఆ కొత్త దవడపన్ను పుచ్చకుండ ఉన్నదో లేదో చూచి, అది పాలపన్ను కాదని తల్లికి చెప్పగలరని ఆశిస్తున్నాము.