గౌట్‌కి సైనిక సేవే కారణమని ఎలా తేలుస్తారు?

ఒక మాజీ సైనికుడిని ఊహించుకుందాం. అమెరికా సైన్యంలో చేరి, 1969లో వియత్నాంలో ఏడాది పనిచేసి ఇంటికొచ్చాడు. అరవై దాటాక రక్తపోటు వచ్చింది. డాక్టరు హైడ్రోక్లోరోథయాజైడ్ అనే మాత్ర రాశారు. నాలుగేళ్ల తర్వాత ఒక రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచింది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినంత నొప్పి. పరీక్షలు చేసి గౌట్ అన్నారు. ఈ జబ్బు తన సైనిక సేవ వల్లే వచ్చిందనీ, పరిహారం ఇవ్వాలనీ అతను దరఖాస్తు పెట్టుకున్నాడు. యుద్ధానికీ ఆ వాపుకీ మధ్య నలభై ఏళ్ల పైచిలుకు దూరం ఉంది. ఆ దూరాన్ని ఎవరు, ఏ లెక్కతో దాటాలి?

అమెరికాలో ఇలాంటి దరఖాస్తులను మాజీ సైనికుల వ్యవహారాల శాఖ చూస్తుంది. అక్కడి వాడుకలో దాన్ని వీఏ అంటారు. సాధారణంగా అది మూడు విషయాలు అడుగుతుంది. జబ్బు ఇప్పుడు ఉందా? సర్వీసులో ఉండగా దానికి సంబంధించిన సంఘటనో, గాయమో, అనారోగ్యమో జరిగిందా? ఆ రెంటికీ లంకె ఉందని వైద్యులు చెప్పగలరా? గౌట్ కేసులు చాలావరకు మూడో ప్రశ్న దగ్గరే చిక్కుకుంటాయి. అయితే ఆ లంకె నూటికి నూరు పాళ్లు రుజువు కానక్కర్లేదు. 'లేకపోవడానికి ఎంత అవకాశం ఉందో, ఉండడానికి కనీసం అంత అవకాశం ఉంది' అని తేలితే చాలు. అంటే త్రాసు సమానంగా నిలిచినా తీర్పు సైనికుడి వైపే. చట్టం ఇక్కడ యాభై శాతం అనే గీత గీసింది. విజ్ఞానశాస్త్రం దగ్గర ఆ గీతకు సూటిగా సరిపోయే కొలబద్ద లేకపోవడమే ఇక్కడి ఇబ్బంది.

ముందు జబ్బు సంగతి చూద్దాం. కణాల్లోని ప్యూరిన్లు విచ్ఛిన్నమైనప్పుడు యూరిక్ ఆమ్లం తయారవుతుంది. చాలా క్షీరదాల్లో యూరికేజ్ అనే ఎంజైము దాన్ని ఇంకా తేలిగ్గా కరిగే పదార్థంగా మారుస్తుంది. మనిషి పూర్వీకుల్లో ఆ ఎంజైము లక్షల ఏళ్ల కిందటే పనిచేయడం మానేసింది. కాబట్టి ఉన్న యూరిక్ ఆమ్లాన్ని బయటికి పంపడమే మనకు దారి. అందులో మూడింట రెండు వంతులు మూత్రపిండాల ద్వారా, మిగతాది పేగుల ద్వారా పోతుంది. 37 డిగ్రీల దగ్గర డెసిలీటరు రక్తంలో సుమారు 6.8 మిల్లీగ్రాములకు మించితే అది కరిగి ఉండలేక స్ఫటికాలుగా మారే పరిస్థితి వస్తుంది. ఉష్ణోగ్రత తగ్గితే ఈ హద్దు కూడా దిగుతుంది, 30 డిగ్రీల దగ్గర 4.5 మిల్లీగ్రాములే. ఒంట్లో మిగతా చోట్ల కంటే చల్లగా ఉండే కాలి బొటనవేలు మొదట దొరికిపోవడానికి ఇదొక కారణం. పంచదార పాకం చల్లారితే గిన్నె అంచుల్లో పలుకులు కట్టడం లాంటిదే ఇది. ఆ స్ఫటికాలను మన రక్షణ కణాలు మింగబోయి రేపే మంటే గౌట్ నొప్పి.

కీలులోంచి తీసిన ద్రవంలో ఈ స్ఫటికాలను ధ్రువిత కాంతిలో సూక్ష్మదర్శినితో చూస్తే సూదుల్లా మెరుస్తాయి. ద్వివక్రీభవనం గురించి కాలేజీలో చదువుకున్నవాళ్లకు ఈ మెరుపు పాత నేస్తమే. 1961లో మెకార్టీ, హాలాండర్ ఈ పద్ధతిని వెలుగులోకి తెచ్చారు. అంతకుముందు, ఆ తర్వాత చాలాకాలం కూడా, సైనిక ఆసుపత్రుల చీటీల్లో 'బొటనవేలు బెణికింది' అని రాసి ఉన్న కేసుల్లో ఎన్ని నిజంగా బెణుకులో చెప్పడం కష్టం.

సర్వీసులో ఉండగానే గౌట్ దాడి వచ్చి, అది రికార్డుకెక్కితే పని తేలిక. అమెరికా చట్టం ప్రకారం జబ్బు సర్వీసు కాలంలో మొదలైతే దాదాపు సరిపోతుంది. దానికి సైనిక విధే కారణమని విడిగా నిరూపించనక్కర్లేదు. ఎండలో కవాతు, ఒంట్లో నీరు తగ్గడం లాంటివి ఇక్కడే పనికొస్తాయి. గౌట్ ఉన్నవాళ్లపై జరిగి 2014లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, వేడి ఎక్కువగా, గాలిలో తేమ తక్కువగా ఉన్న రోజుల్లో దాడుల ముప్పు మామూలు వాతావరణంతో పోలిస్తే సుమారు రెట్టింపుగా కనిపించింది. అయితే అది దాడిని రేపే కారణం. ఏళ్ల తరబడి స్ఫటికాలను పేర్చింది ఎండ అని దానర్థం కాదు. అగ్గిపుల్ల గీసినవాడూ, గడ్డివాము వేసినవాడూ ఒకరే కానక్కర్లేదు. దరఖాస్తులకు జతచేసే వైద్యాభిప్రాయాల్లో ఈ రెండూ కలగలిసిపోవడం పెద్ద బలహీనత అని నాకనిపిస్తుంది.

సర్వీసు రికార్డులో నొప్పి ఊసు లేకుండా, రక్తపరీక్షలో యూరిక్ ఆమ్లం ఎక్కువని మాత్రమే ఉంటే? వీఏ దృష్టిలో అది ల్యాబ్ ఫలితమే, వైకల్యం కాదు. కానీ అది చెప్పే కథను తీసి పారేయలేం. ఈ విషయంలో మనకున్న మంచి లెక్కల్లో ఒకటి మాజీ సైనికుల నుంచే వచ్చింది. బోస్టన్‌లో వీఏ 1960ల్లో మొదలుపెట్టిన నార్మేటివ్ ఏజింగ్ స్టడీలో ఎక్కువమంది మాజీ సైనికులే. ఆరోగ్యంగా ఉన్న 2,046 మంది పురుషులను సగటున దాదాపు 15 ఏళ్లు గమనించి 1987లో ఫలితాలు ప్రచురించారు. యూరిక్ ఆమ్లం 7 లోపు ఉన్నవాళ్లలో ఏడాదికి 0.1 శాతం మందికి గౌట్ వచ్చింది. 7 నుంచి 8.9 దాకా ఉన్నవాళ్లలో 0.5 శాతం, 9 దాటినవాళ్లలో 4.9 శాతం. 9 దాటినవాళ్లలో కూడా అయిదేళ్లలో గౌట్ వచ్చింది 22 శాతం మందికే. పాత రికార్డులో 8 అని ఉంటే గౌట్ తప్పదని కాదు. అలాగని, ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన గౌట్‌కి ఆ 8తో సంబంధం లేదని కొట్టిపారేయడమూ శాస్త్రీయం కాదు.

మన వియత్నాం సైనికుడి దగ్గర అలాంటి రికార్డేమీ లేదు. అతనిది మెట్లదారి. వియత్నాంలో అడవులపై చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే కలుపుమందు బారిన పడినవాళ్లకు వచ్చే కొన్ని జబ్బులను సర్వీసు వల్ల వచ్చినవిగానే చట్టం భావిస్తుంది. 2022 ఆగస్టులో వచ్చిన ప్యాక్ట్ చట్టం ఆ జాబితాలో రక్తపోటునూ చేర్చింది. గౌట్ ఆ జాబితాలో లేదు. కానీ సర్వీసు జబ్బు వల్లనో, దానికి వాడిన మందు వల్లనో మరో జబ్బు వస్తే దానికీ పరిహారం కోరవచ్చు. అంటే రక్తపోటుకి మాత్ర, మాత్ర వల్ల గౌట్.

సంభావ్యత లెక్కలు చేసినవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మామూలుగా గొలుసులో రెండు మెట్లుంటే వాటి సంభావ్యతలను గుణించాలి, గుణించే కొద్దీ అంకె చిన్నదవుతుంది. చట్టం మొదటి మెట్టును ఊహగానే ఖాయం చేసి, దాని విలువను ఒకటిగా రాసేసింది. మిగిలింది రెండో మెట్టు మాత్రమే.

థయాజైడ్ తరహా మందులు మూత్రాన్ని పెంచి రక్తపోటు తగ్గిస్తాయి. ఒంట్లో నీరు తగ్గగానే మూత్రపిండాలు ఉప్పుతోపాటు యూరిక్ ఆమ్లాన్నీ వెనక్కి పీల్చుకుంటాయి. ఆమ్లాన్ని బయటికి తోసే ద్వారాల దగ్గర ఈ మందు కూడా పోటీకి నిలుస్తుంది. యంత్రాంగంలో సందేహం లేదు. ఎంత ముప్పు అన్నదే ప్రశ్న. బ్రిటన్ రోగుల రికార్డులతో చేసి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, థయాజైడ్ వాడుతున్నవాళ్లకు గౌట్ ముప్పు 1.70 రెట్లు, ఫ్యూరోసెమైడ్ లాంటి లూప్ రకం వాడుతున్నవాళ్లకు 2.64 రెట్లు ఉంది.

ఈ అంకెల్ని యాభై శాతం గీత పక్కన పెట్టి చూద్దాం. మందు వాడనివాళ్ల గుంపులో 100 మందికి గౌట్ వచ్చిందనుకుంటే, అంతే పెద్ద థయాజైడ్ గుంపులో 170 మందికి వస్తుంది. ఆ 170లో 100 మందికి ఎలాగూ వచ్చేదే. మందు తెచ్చిపెట్టిన అదనం 70. అంటే 41 శాతం, గీతకు కింద. లూప్ రకంలో 264లో 164 అదనం, 62 శాతం, గీతకు పైన. ముప్పు సరిగ్గా రెట్టింపైతే యాభై శాతం. ఒకే జబ్బు, ఒకే బొటనవేలు, మాత్ర మారితే తీర్పు మారిపోవాలా?

ఇంత సూటిగా తేల్చేస్తే తప్పే. ఈ లెక్క గుంపు గురించి చెబుతుంది, మనిషి గురించి కాదు. ఎలాగూ గౌట్ వచ్చే ఆ 100 మందిలో కొందరికి మందు వల్ల అది పదేళ్లు ముందే వచ్చి ఉండవచ్చు. అదనం లెక్కలో వాళ్లు కనిపించరు. అందుకే 41 శాతాన్ని పైకప్పుగా చూడకూడదు. ఇంకోవైపు, లూప్ మందులను ఎక్కువగా వాడేది గుండె, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు. ఆ జబ్బులే యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. ఆ ప్రభావాన్ని లెక్కల్లో ఎంత సరిచేసినా కొంత మిగిలే ఉంటుంది. మన సైనికుడి విషయంలో తూకాన్ని కదిలించేవి అతని సొంత కాగితాలే. మాత్ర మొదలుపెట్టకముందు యూరిక్ ఆమ్లం ఎంత, తర్వాత ఎంత, మందు మార్చాక ఎంతకు దిగింది? 5.9 నుంచి 8.4కి పెరిగి, మాత్ర ఆపాక 6.3కి వచ్చిందనుకుందాం. గుంపు అంకె 41 అయినా, వైద్యుడు 'సగానికి పైగా అవకాశం' అని నిజాయితీగా రాయగలడు. అసలే ఉన్న గౌట్ మందు వల్ల ముదిరిందని వాదించడానికీ ఇలాంటి ముందునాటి కొలతే ఆధారం.

సీసం కథ ఇంత తేలిగ్గా తెగదు. తన గౌట్ రోగుల్లో రంగులు వేసేవాళ్లు, ప్లంబర్లు ఎక్కువగా ఉండడం 19వ శతాబ్దంలోనే బ్రిటిష్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ గ్యారడ్ గమనించాడు. రెండు వృత్తుల్లోనూ చేతికంటేది సీసమే. తూటాల్లోనూ సీసం ఉంటుంది. గోడల మధ్య ఉండే ఫైరింగ్ రేంజిలో దాని ధూళిని పీల్చక తప్పదు. రేంజిల్లో పనిచేసే సైనిక సిబ్బందికి అప్పటి సీసం పరిమితి సరిపోదని 2012లో అమెరికా జాతీయ పరిశోధన మండలి తేల్చింది. అదే ఏడాది అమెరికా ప్రజల ఆరోగ్య సర్వేపై వచ్చిన విశ్లేషణలో, రక్తంలో సీసం బాగా తక్కువున్న పావు వంతు మందిలో 1.76 శాతానికి గౌట్ ఉంటే, ఎక్కువున్న పావు వంతులో 6.05 శాతానికి ఉంది. మూడు రెట్లకు పైనే, గీత దాటినట్టే అనిపిస్తుంది. కానీ మూత్రపిండాలు మందగిస్తే సీసం, యూరిక్ ఆమ్లం రెండూ ఒంట్లోనే నిలుస్తాయి. ఏది దేనికి కారణమో ఒకసారి తీసిన ఫొటో లాంటి సర్వే చెప్పలేదు. బోస్టన్ మాజీ సైనికుల్లో ఎముకల్లోని సీసాన్ని కొలిచినప్పుడు యూరిక్ ఆమ్లంతో సంబంధం కనిపించింది, గౌట్‌తో కనిపించలేదు. ఆ అధ్యయనంలో గౌట్ ఉన్నవాళ్లు తక్కువమందే కాబట్టి అదీ ఆఖరి మాట కాదు.

తిరస్కరణలకు తేలిగ్గా దొరికే సాకు తిండి, తాగుడు. 2018లో బీఎంజేలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, మనిషికీ మనిషికీ యూరిక్ ఆమ్లంలో ఉండే తేడాలో ఒక్కో ఆహారపు అలవాటు వివరించేది 0.3 శాతానికి మించదు. సాధారణ జన్యు తేడాలు దాదాపు 24 శాతం వివరిస్తాయి. ఇక మద్యం విషయానికొస్తే, అమెరికా న్యాయస్థానం 2001లోనే ఒక సందు తెరిచింది. సర్వీసు వల్ల వచ్చిన మానసిక జబ్బే తాగుడుకు దారితీస్తే, ఆ తాగుడు తెచ్చిన జబ్బుకూ పరిహారం కోరవచ్చు.

జన్యువులే కారణమైతే ప్రభుత్వానికేం సంబంధం అనే ప్రశ్న మన దేశంలోనూ వచ్చింది, గౌట్ మీద కాకపోయినా. ధరమ్‌వీర్ సింగ్ కేసులో మూర్ఛ జబ్బు పుట్టుకతో వచ్చే శరీరతత్వం వల్లేనని మెడికల్ బోర్డు చెప్పి, పెన్షన్ నిరాకరించారు. సైన్యంలో చేరేటప్పుడు రికార్డులో లేని జబ్బు సర్వీసులో బయటపడితే అది సర్వీసు వల్లేనని భావించాలనీ, కాదంటే బోర్డు కారణాలు రాయాలనీ సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఆ తర్వాత 2023 సెప్టెంబరులో కొత్త అర్హత నిబంధనలు వచ్చాయి కనుక, దరఖాస్తు చేసే ముందు తాము సర్వీసు వదిలిన తేదీకి ఏవి వర్తిస్తాయో చూసుకోవాలి. చేరిననాటి వైద్య పరీక్ష కాగితం, సర్వీసులో చేసిన రక్తపరీక్షలు, ఏ మాత్ర ఎప్పుడు మొదలైందో చెప్పే చీటీలు మాత్రం ఏ నిబంధన కిందైనా అక్కరకొస్తాయి.