చౌక బండికి అసలు ధర ఎంత?

గత జులైలో ఒక ఆదివారం ఉదయం మా అబ్బాయి ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "నాన్నా, 2019 మోడల్ స్ప్లెండర్. పన్నెండు వేలకే!" అన్నాడు. వాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. విజయవాడలో మా ఇంటి నుంచి కాలేజీకి పద్దెనిమిది కిలోమీటర్లు, రెండు బస్సులు మారాలి. బండి అవసరమేనని మేమూ ఒప్పుకున్నాం. అయితే కొత్తది కొనాలంటే లక్షకు దగ్గర పడుతోంది. అమ్మాయి ఇంటర్ ఫీజు కట్టిన నెల అది. పాతదైతే అన్నీ కలిపి నలభై ఐదు వేలు దాటకూడదని ఇంట్లో ముందే అనుకున్నాం.

వాడు చూపించింది ఒక ఫైనాన్స్ సంస్థ నిర్వహిస్తున్న ఆన్‌లైన్ వేలం. వాయిదాలు కట్టని వారి నుంచి స్వాధీనం చేసుకున్న బండ్లను అమ్ముతున్నారు. బండి ఖమ్మం దగ్గర యార్డులో ఉంది. ప్రారంభ ధర రూ. 12,000. వేలానికి ఇంకా తొమ్మిది రోజుల గడువు.

ఒక మాట ముందే చెప్పాలి. అది మన బ్యాంకు స్వాధీనం చేసుకున్న బండి అయితే నేను ఆ పేజీ తెరిచేవాణ్ణే కాదు. అమ్మే చోట పనిచేస్తూ కొనేవారి వరుసలో నిలబడితే, ఎంత నిజాయితీగా కొన్నా నలుగురికీ అనుమానమే మిగులుతుంది. మన కుటుంబ సభ్యులు ఎవరైనా అలాంటి ఆలోచన చేస్తే, ముందు ప్రవర్తనా నియమావళి చూడండి, సిబ్బంది విభాగాన్ని అడగండి.

ఆ తొమ్మిది రోజుల్లో మేము చేసిన లెక్క, నేర్చుకున్న పాఠం ఈ వ్యాసం.

మా నాన్నగారి స్కూటర్

లెక్కలోకి వెళ్లేముందు మా ఇంటి కథ ఒకటి. మా నాన్నగారు స్కూలు టీచరు. 1998లో తన స్కూటర్‌ను తెలిసినాయనకే అమ్మారు. కాగితాల మీద సంతకాలు చేసి ఇచ్చేశారు. "పేరు నేను మార్పించుకుంటాను మాస్టారూ" అన్నాడాయన. మార్పించుకోలేదు. మూడేళ్ల తర్వాత ఆ స్కూటర్ ఒకాయన్ని గుద్దింది. బీమా లేదు. నష్టపరిహారం కేసులో యజమానిగా మా నాన్నగారికి నోటీసు వచ్చింది. నాలుగేళ్లు కోర్టు చుట్టూ తిరిగారు. ఆ రోజుల్లో ఇంట్లో అన్నం సహించేది కాదు ఎవరికీ.

చట్టం దృష్టిలో ఇందులో వింత ఏమీ లేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వారే యజమాని. నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇదే మాటను మళ్లీ స్పష్టం చేసింది. బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్టర్‌లో పేరు మారనంత వరకు పరిహారం బాధ్యత ఆ పేరుగల వ్యక్తిదే. అమ్మినవారు రవాణా శాఖకు పద్నాలుగు రోజుల్లో తెలియజేయాలి. బండి వేరే రాష్ట్రానికి వెళ్లేటప్పుడు ఆ గడువు నలభై ఐదు రోజులు. కొన్నవారు ముప్పై రోజుల్లో దరఖాస్తు చేయాలి.

అందుకే పాత బండి అనగానే మా ఇంట్లో మైలేజీ కంటే ముందు పేరు గుర్తొస్తుంది.

యార్డులో ఏం చూశాం

మరుసటి శనివారం మా మెకానిక్‌ను వెంటబెట్టుకుని ఖమ్మం వెళ్లాం. వేలం షరతుల్లో "ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటనే" అని రాసి ఉంది. దాని అర్థం సులువే: తర్వాత ఏ లోపం బయటపడినా అమ్మినవారికి సంబంధం లేదు. చూడటానికి అనుమతి ఉంది, నడపడానికి లేదు.

బండి ఎండకు ఎండి వానకు తడిసి ఉంది. రెండు టైర్ల పక్కలూ బీటలు వారాయి. బ్యాటరీ చచ్చిపోయింది. చైన్ తుప్పు పట్టింది. సీటు కింద వైరింగ్‌ను ఎలుకలు కొరికాయి. మెకానిక్ ట్యాంకు మూత తీసి లోపల టార్చ్ వేసి చూసి, "తుప్పుంది సార్, కార్బొరేటర్ కడగాలి" అన్నాడు. ఇంజన్ స్టార్ట్ చేయనివ్వలేదు కాబట్టి దాని సంగతి దేవుడికే తెలియాలి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు మాత్రం ఆర్‌సీలోని వాటితో సరిపోయాయి. ఇది తప్పనిసరిగా చూడాల్సిన విషయం. నంబర్లు గీకినట్టు కనిపించినా, తేడా ఉన్నా, ఎంత చౌకైనా అక్కడి నుంచి వచ్చేయాలి.

వెనక రెండు వైపులా పాల క్యాన్లు తగిలించే ఇనుప కొక్కాలు ఉన్నాయి. మా అబ్బాయి వాటిని చూసి కాసేపు మాట్లాడలేదు. "నాన్నా, ఇది ఎవరిదో బతుకుతెరువు కదా. మనం కొనడం తప్పా?" అని అడిగాడు.

బ్యాంకులో ఇరవై ఏళ్లు పనిచేసిన నాకు కూడా వెంటనే జవాబు దొరకలేదు. కారులో తిరిగి వస్తూ చెప్పాను. వేలంలో వచ్చిన డబ్బు ఆయన అప్పు ఖాతాకే జమ అవుతుంది. బాకీ పోను మిగిలితే అది ఆయనకు చెందాలి. తక్కువ పడితే ఆ బాకీ ఆయన నెత్తి మీదే ఉంటుంది. కాబట్టి కొనడం తప్పు కాదు, న్యాయమైన ధరకు ఎవరో ఒకరు కొనడమే ఆయనకు మేలు. కానీ మనకు చౌకగా దొరికే ప్రతి రూపాయి ఆయన ఖాతాలో మిగిలిపోయే రూపాయి. "ఎంత చౌకగా కొట్టేశామో" అని గొప్పలు చెప్పుకునే సంగతి మాత్రం కాదు ఇది.

కాగితాల్లో దొరికినవి

ఇంటికి వచ్చాక ఎం-పరివాహన్ యాప్‌లో, ఈ-చలాన్ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి చూశాం. నాలుగు సంగతులు తేలాయి.

మొదటిది, చెల్లించని చలాన్లు రూ. 2,800.

రెండోది, బీమా లేదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేశారు. 2019లో కొన్న ఈ బండికి ఆ ఐదేళ్లు 2024లోనే పూర్తయ్యాయి. ఆ తర్వాత ఎవరూ కట్టలేదు. బీమా లేకుండా నడిపితే మొదటిసారి రూ. 2,000 జరిమానా. ప్రమాదం జరిగితే అయ్యే నష్టానికి మాత్రం హద్దు లేదు, మా నాన్నగారి కథే సాక్ష్యం.

మూడోది, హైపాథికేషన్ ఇంకా రికార్డులో ఉంది. దాన్ని తొలగించడానికి ఫైనాన్స్ సంస్థ ఫారం 35 ఇవ్వాలి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. పాత యజమాని ఆర్‌సీ ఇవ్వకపోతే, సంస్థ ముందు తన పేరున ఆర్‌సీ తీసుకునే వీలు చట్టంలో ఉంది. అదంతా జరిగి కాగితాలు చేతికి రావడానికి తొంభై రోజుల వరకు పట్టవచ్చని షరతుల్లోనే రాశారు. అంటే డబ్బు ముందు కట్టి, మూడు నెలలు బండిని ఇంటి ముందు కప్పి ఉంచాలి. అప్పటిదాకా వాడికి రెండు బస్సులే గతి.

నాలుగోది మేము మొదట ఆలోచించనే లేదు. బండి నంబరు "టీఎస్"తో మొదలవుతుంది. ఖమ్మం మాకు మూడు గంటల దారి, కానీ 2014 నుంచి అది వేరే రాష్ట్రం. అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి, ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి.

లెక్క

ఆ రాత్రి భోజనాల తర్వాత మా అబ్బాయి నోట్‌బుక్‌లో వాడి చేతే రాయించాను. ఇదే బండి మంచి కండిషన్‌లో, కాగితాలన్నీ సరిగ్గా ఉండి విజయవాడలో దొరికితే రూ. 45,000 అని మెకానిక్ అంచనా. అందులోంచి మాకు అయ్యే ఖర్చులు తీసేయాలి.

మరమ్మతులు, టైర్లు, బ్యాటరీ: రూ. 9,000
పన్ను, నిరభ్యంతర పత్రం, రిజిస్ట్రేషన్: రూ. 6,500
బండిని ట్రాలీలో తేవడం: రూ. 3,000
చలాన్లు: రూ. 2,800
బీమా: రూ. 1,200
వేలం సేవా రుసుము, దానిపై జీఎస్టీ: రూ. 2,500

మొత్తం రూ. 25,000. మిగిలింది రూ. 20,000. స్టార్ట్ చేయని ఇంజన్ కోసం ఇంకో రూ. 4,000 పక్కన పెట్టాం. మేము పాడదగ్గ గరిష్ఠ ధర రూ. 16,000. పన్నెండు వేల బండి మీద ఇరవై ఐదు వేల ఖర్చు ఉందని చూసి మా అబ్బాయి ముఖం చిన్నబోయింది. మా ఆవిడ లేచి గోడ కాలెండర్ మీద వేలం తేదీ పక్కన "16,000" అని పెద్దగా రాసింది.

వేలం రోజు

సాయంత్రం నాలుగింటికి మొదలైంది. ఒక్కో పాట ఐదు వందలు పెరుగుతోంది. చివరి ఐదు నిమిషాల్లో ఎవరు పాడినా గడువు మరో ఐదు నిమిషాలు పొడిగిస్తారు. పదిహేను వేల ఐదు వందల దగ్గర వేరే వాళ్లున్నారు. మేము పదహారు అన్నాం. క్షణంలో పదహారున్నర అయింది.

"ఇంకో ఐదు వందలే కదా నాన్నా" అన్నాడు వాడు. నిజం ఒప్పుకుంటాను, నా వేలు కూడా బటన్ మీదకే వెళ్లింది. రోజూ రుణ దరఖాస్తుల్లో ఇతరుల ఉత్సాహాన్ని తూకం వేసే నేను, ఆ నిమిషంలో బండి గురించి ఆలోచించడం మానేసి, అవతలి వాణ్ణి ఓడించడం గురించి ఆలోచిస్తున్నాను. "ఏమండీ, కాలెండర్ చూడండి" అంది మా ఆవిడ. ఫోన్ పక్కన పెట్టాను.

ఆ బండి చివరికి రూ. 23,500కు పోయింది. మా లెక్కలో అంత పెట్టి కొంటే బండి రోడ్డెక్కేసరికి రూ. 48,500. బజారులో మంచి బండి ధర కంటే మూడున్నర వేలు ఎక్కువ.

గెలిచినవాడు పొరబడ్డాడా?

ఎంబీఏలో మాకు "విజేత శాపం" అనే పాఠం ఉండేది. 1971లో అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ కంపెనీ ఇంజనీర్లు కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ చమురు క్షేత్రాల వేలాలపై ఒక పత్రం రాశారు. భూమిలో ఎంత చమురుందో ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఒక్కొక్కరు ఒక్కో అంచనా వేస్తారు. అందరికంటే ఎక్కువ అంచనా వేసినవారే గెలుస్తారు, అంటే తరచుగా అందరికంటే ఎక్కువ పొరబడినవారే గెలుస్తారు. స్టార్ట్ చేయనివ్వని ఇంజన్ కూడా అలాంటి చమురు బావే.

కానీ ఇక్కడ ఇంకో కోణం ఉంది. యార్డులో ఖమ్మంలోనే మెకానిక్ షెడ్ ఉన్నాయన ఒకరు కనిపించారు. అలాంటి ఆయన రూ. 23,500కు కొన్నారనుకోండి. ట్రాలీ ఖర్చు లేదు, రెండోసారి పన్ను లేదు, పేరు మార్పుకు ఓ వెయ్యి చాలు. పని తనదే కాబట్టి మరమ్మతు నాలుగున్నర వేలతో అయిపోతుంది. చలాన్లు, బీమా, రుసుము కలిపినా మొత్తం రూ. 35,500. నలభై ఐదుకు అమ్మితే తొమ్మిదిన్నర వేల లాభం. అదే ధర ఆయనకు లాభం, మాకు నష్టం. మేము ఓడిపోలేదు, మాది కాని బండిని వదిలేశాం. ఇది అర్థమయ్యాక మా అబ్బాయి రెండు రోజుల అలక తీరింది.

వేలం పాడేముందు

మీ ఇంట్లోనూ పిల్లలు ఇలాంటి పేజీ చూపిస్తే ఇవి గుర్తుంచుకోండి.

1. వేలం నిజమైనదో కాదో ముందు తేల్చుకోండి. సంస్థ శాఖకు వెళ్లి లేదా అధికారిక నంబరుకు ఫోన్ చేసి అడగండి. డిపాజిట్‌ను ఎవరి సొంత యూపీఐకీ పంపకండి. మోసపోయామని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి.
2. బండిని చూడకుండా పాడకండి. మీ మెకానిక్‌ను తీసుకెళ్లండి.
3. ఆర్‌సీ, హైపాథికేషన్, చలాన్లు, బీమా, ఏ రాష్ట్రపు నంబరు అన్నవి ఆన్‌లైన్‌లో చూసుకోండి.
4. కాగితాలు ఎన్నాళ్లకు ఇస్తారో షరతుల్లో చదవండి. అవి వచ్చి, బీమా చేయించేదాకా బండిని రోడ్డెక్కించకండి.
5. గరిష్ఠ ధరను వేలానికి ముందే రాసిపెట్టండి. ఇంట్లో ఇంకొకరికి అది తెలిసి ఉండాలి.

తర్వాతి నెల మా వీధిలోనే ఒక పెద్దాయన కూతురి దగ్గరకు వెళ్లిపోతూ 2018 మోడల్ బండి అమ్మకానికి పెట్టారు. రూ. 41,000. బీమా ఉంది, అప్పు లేదు, మన రాష్ట్రపు నంబరే. మెకానిక్ నడిపి చూసి సరే అన్నాడు. ఆయనా నేనూ కలిసే పేరు మార్పు దరఖాస్తు పెట్టించాం. బీమాను కూడా పద్నాలుగు రోజుల్లోపు మా పేరున మార్పించాం.

బండి ఇంటికి తెచ్చిన రోజు మా అబ్బాయి వరండాలో కూర్చున్న తాతయ్యకు తాళంచెవి చూపించాడు. మా నాన్నగారికి ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. రంగు చూడలేదు, ధర అడగలేదు.

"పేరు మారిందా?" అన్నారు.

"దరఖాస్తు అయిపోయింది తాతయ్యా, ఆర్‌సీ వచ్చేదాకా నడపను" అన్నాడు వాడు. పదకొండు రోజులకు ఆర్‌సీ వచ్చింది. పన్నెండో రోజు హెల్మెట్ పెట్టుకుని కాలేజీకి బయల్దేరాడు.