కథకు విధేయత అంటే ఏమిటి?
ప్రేమ్‌చంద్ రెండు కథలు - రెండు చలనచిత్రములు

చదివిన కథను తెరపై చూచి వచ్చినవారు తరచుగా అనే మాట ఒకటి కలదు: "పుస్తకంలో ఉన్నట్లు లేదు." ఈ ఒక్క మాటతో చిత్రాన్ని తోసిపుచ్చేవారు కొందరు, సినిమా చూచినాము గనుక ఇక పుస్తకంతో పనిలేదని తృప్తిపడేవారు మరికొందరు. ఈ రెండు ధోరణులూ సరియైనవి కావని మా అభిప్రాయము. చిత్రము కథకు విధేయంగా ఉన్నదా అని అడుగుట తప్పు కాదు. కాని ఆ విధేయత దేనికి? సంఘటనల వరుసకా? పాత్రల పేర్లకా? లేక ఆ కథ మనలను నిలదీసి అడిగే ప్రశ్నకా? దీనిని తేల్చుకొనక ఇచ్చే తీర్పు తొందరపాటే అవుతుంది.

ఈ విచారణకు ఉర్దూ, తెలుగు భాషలు రెంటికీ సంబంధించిన ఒక చక్కని ఉదాహరణ ఉన్నది. 1977లో ఇద్దరు బెంగాలీ దర్శకులు ప్రేమ్‌చంద్ కథలు రెంటిని చిత్రాలుగా రూపొందించారు. సత్యజిత్ రాయ్ "శత్రంజ్ కే ఖిలాడీ"ని లక్నో నేపథ్యంలో, ఉర్దూ నుడికారంతో నిర్మించారు. మృణాల్ సేన్ "కఫన్" కథను తెలంగాణ పల్లెకు తీసుకువచ్చి, "ఒక ఊరి కథ" అనే పేరుతో తెలుగులోనే తీశారు. 25వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో మొదటిది ఉత్తమ హిందీ చిత్రంగా, రెండవది ఉత్తమ తెలుగు చిత్రంగా గౌరవము పొందినవి.

ప్రేమ్‌చంద్ (1880-1936) అసలు పేరు ధనపత్ రాయ్. నవాబ్ రాయ్ అనే పేరుతో మొదట ఉర్దూలోనే రచనలు సాగించారు. 1908లో వెలువడిన "సోజ్-ఏ-వతన్" అనే కథాసంపుటిపై ఆంగ్ల ప్రభుత్వము ఆగ్రహించిన తరువాతనే ప్రేమ్‌చంద్ అనే పేరు స్వీకరించారు. ఉర్దూవారికీ హిందీవారికీ ఆయన సమానంగా తమవాడు.

ఇక మొదటి కథ. అవధ్ రాజ్యాన్ని ఆంగ్లేయులు కబళించిన 1856 నాటి లక్నోలో మీర్, మీర్జా అనే ఇద్దరు జాగీర్దారులు చదరంగపు వ్యసనంలో మునిగి ఉంటారు. ఇల్లు పట్టదు, రాజ్యము పట్టదు. చివరకు ఊరి బయట ఒక పాడుపడిన మసీదులో ఆటకు కూర్చుంటారు. నవాబును బందీగా తీసుకొనిపోతున్నా వారిలో చలనము లేదు. కాని ఆటలో తగవు వచ్చి, వంశ గౌరవము మాటకు వచ్చేసరికి కత్తులు దూసి ఒకరినొకరు పొడుచుకొని మరణిస్తారు. రాజు కొరకు ఒక్క కన్నీటి బొట్టు రాల్చనివారు చదరంగపు మంత్రి కొరకు ప్రాణాలిచ్చారన్నదే రచయిత వ్యంగ్యము.

రాయ్ చిత్రంలో వారు చావరు. సంజీవ్ కుమార్, సయీద్ జాఫ్రీ ధరించిన ఆ పాత్రలు తగవుపడతాయి, తుపాకి కూడా పేలుతుంది. కాని ఇద్దరూ బ్రతికే ఉండి, ఈసారి ఆంగ్లేయుల పద్ధతిలో, మంత్రికి బదులు రాణిని పెట్టుకొని మరల ఆటకు కూర్చుంటారు. ఇది కథకు ద్రోహమని అనగలమా? ప్రేమ్‌చంద్ వారికి మరణశిక్ష విధించారు. రాయ్ వారికి సిగ్గుతో బ్రతికే శిక్ష విధించారు. ఏలిక మారినా ఆట మాత్రము ఆగలేదనుట మరింత చేదైన సత్యముగా మాకు తోచినది. అంతేగాక, కథలో దూరాన ఉండిపోయిన నవాబు వాజిద్ అలీ షాను రాయ్ తెర మధ్యకు తెచ్చారు. తన కిరీటాన్ని తీసి ఔట్రమ్ చేతికి అందించినా, సంధిపత్రముపై సంతకము మాత్రము చేయని ఆ కళాప్రియుని చూచినప్పుడు, విలాసి అని ఎవరినైనా ఒక్క మాటతో తేల్చివేయరాదని తెలుస్తుంది.

రెండవ కథ "కఫన్" 1935లో ఉర్దూ పత్రిక "జామియా"లో వెలువడినది. గుడిసెలో బుధియా ప్రసవవేదనతో కేకలు పెడుతూ ఉంటే, ఆమె మామ ఘీసూ, భర్త మాధవ్ బయట ఆలుగడ్డలు కాల్చుకొని తింటూ ఉంటారు. లోపలికి వెళితే రెండవవాడు తన వాటా తినివేస్తాడని ఇద్దరికీ భయము. తెల్లవారేసరికి ఆమె మరణిస్తుంది. ప్రేతవస్త్రము కొనుటకు యాచించి తెచ్చిన అయిదు రూపాయలను ఆ తండ్రీకొడుకులు కల్లుపాకలో ఖర్చు చేస్తారు. బ్రతికి ఉండగా చింకిగుడ్డకు నోచుకొనని స్త్రీకి చచ్చిన తరువాత కొత్త గుడ్డ కావాలనే లోకాచారాన్ని ఆ తాగుబోతుల నోటనే రచయిత ప్రశ్నింపజేశారు.

మృణాల్ సేన్ ఈ కథలో ఊరు మార్చారు, పేర్లు మార్చారు, భాష మార్చారు. ఘీసూ వెంకయ్య అయినాడు. ఆ పాత్రను కన్నడ నటుడు ఎం. వి. వాసుదేవరావు ధరించారు. కష్టపడేవాని చెమట భూస్వామి గాదె నింపుటకే గనుక పని చేయకపోవుటే తెలివి అని వెంకయ్య వాదము. మూలకథలో ఈ ఆలోచన రచయిత వ్యాఖ్యానముగా కొన్ని వాక్యాలలో ఉన్నది. చిత్రంలో అది ఒక మనిషి మొండితనముగా నడచివచ్చినది. అంతకంటె ముఖ్యమైన మార్పు మరొకటి. కథలో బుధియా మనకు కేకగా మాత్రమే వినిపిస్తుంది. చిత్రంలో మమతా శంకర్ ధరించిన నీలమ్మ ఆ ఇంటికి కోడలుగా వచ్చి, పనిచేసి, ఆ సంసారాన్ని ఒక దారికి తేవలెనని పెనుగులాడుతుంది. ఆమె జీవితాన్ని చూచిన తరువాత ఆమె మరణము మనకు లెక్కలోనికి వస్తుంది.

అయితే నష్టమే లేదని మేము చెప్పము. ప్రేమ్‌చంద్ కథ చదువుతూ ఉంటే ఒక్కొక్కచోట నవ్వు వస్తుంది. మరుక్షణమే, ఎందుకు నవ్వితిమా అని మనపై మనకే రోత కలుగుతుంది. అది వాక్యము చేయగల పని. కెమెరాకు ముఖము దొరుకుతుంది, మట్టి దొరుకుతుంది. కథకుని గొంతులోని ఎత్తిపొడుపు అంత సులభంగా దొరకదు. అందువలననే చిత్రము ఎంత గొప్పదైనా పుస్తకానికి బదులు కాజాలదు.

కావున విద్యార్థులు ఇటువంటి చిత్రాన్ని చూచునప్పుడు మూడు విషయములు గమనింపవలెను. మొదటిది, దర్శకుడు ఏమి మార్చినాడు? రెండవది, ఆ మార్పు కథలోని ప్రశ్నను పదును పెట్టినదా, మొద్దుబార్చినదా? మూడవది, రచయితకు మాత్రమే సాధ్యమైనది ఏది, తెరకు మాత్రమే సాధ్యమైనది ఏది? ఈ మూడింటికీ సమాధానము వెదకినవాడే ఆ చిత్రాన్ని నిజముగా చూచినవాడు. కేవలము ప్రేక్షకులను నొప్పింపకుండుటకు ముగింపు మార్చినచో అది బలహీనత. ఆలోచింపజేయుటకు మార్చినచో అది సృష్టి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. గ్రంథాలయములో ఈ రెండు కథల ఉర్దూ మూలములను, తెలుగు అనువాదములను ప్రక్కప్రక్కన ఉంచి, ఏడాదికి ఒక్కసారియైనా ఇటువంటి చిత్రాన్ని ప్రదర్శించి చర్చ జరిపించినచో ఎంతో మేలు కలుగును. ఉర్దూ విద్యార్థి "ఒక ఊరి కథ"లోని తెలంగాణ పల్లెను, తెలుగు విద్యార్థి రాయ్ చూపిన లక్నోను ఒకే గదిలో కూర్చుండి చూడగలరు. ఒకే రచయిత కలము నుండి వెలువడిన కథలు రెండు భాషలలో తెర కెక్కినప్పుడు, వాటిని కలిసి చదువుటకు మనకు అడ్డమేమున్నది?